పెద్దమ్మాయి ఉన్న షెడ్డు

మాస్టారింట్లో ఇద్దరమ్మాయిలు. పెద్దమ్మాయి కారు. చిన్నమ్మాయి మనిషి.

ఆ పిలుపులు పెట్టింది ఆయన భార్య. పెళ్ళైన కొత్తలో, ఇంకా పిల్లల ఊసే లేని రోజుల్లో, ఎవరో వాడి వదిలేసిన బూడిదరంగు కారు ఒకటి ఇంటికొచ్చింది. ఆవిడ దాని బానెట్టు మీద చెయ్యివేసి, "ఇదే మన పెద్దమ్మాయి" అంది. ఆ తర్వాత పుట్టిన బిడ్డ ఒక్కగానొక్కతే అయినా ఇంట్లో చిన్నమ్మాయి అయిపోయింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పిల్ల ఒక ఇనప అక్కతో పోటీపడుతూ పెరిగింది. ఇప్పుడు జుట్టుకు రంగు వేసుకునే వయసొచ్చినా ఆ పోటీ తీరలేదు.

తల్లి పోయాక కూతురూ అల్లుడూ మాస్టారి దగ్గరికే కాపురానికి వచ్చేశారు. కొత్త కారుతో వచ్చారు. ఇంటికి షెడ్డు ఒక్కటే. అందులో పెద్దమ్మాయి ఉంది. కొత్త కారు వీధిలో ఎండకు ఎండి, వానకు తడిసి, పక్కింటి పిల్లుల గోళ్ళకు గీతలు పడుతూ నిలబడేది.

"పెద్దమ్మాయి కాపురం నీడలో, చిన్నమ్మాయి కాపురం నడివీధిలో. బాగుంది నాన్నా నీ న్యాయం" అంది కూతురు ఒకరోజు, కారు అద్దాల మీద రెట్టలు తుడుస్తూ.

అల్లుడు మెతక మనిషి. "పోనీలే, మావయ్యకు అదొక కాలక్షేపం" అన్నాడు. ఆ మాట కూతురి మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది.

చివరికి తండ్రీ కూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. నెలాఖరున పాత బండ్లకు ప్రభుత్వం వాళ్ళ తనిఖీ ఉంది. పెద్దమ్మాయి అందులో గట్టెక్కితే షెడ్డు దానిదే, చిన్నమ్మాయి ఇక నోరెత్తదు. గట్టెక్కకపోతే షెడ్డు ఖాళీ చెయ్యాలి.

"మాట తప్పవుగా?" అంది కూతురు.

"నేనెప్పుడు తప్పానే?" అన్నారు మాస్టారు. ఆయనకు ధైర్యంగానే ఉంది. ఇంజను గొంతు బాగుంది. దీపాలు వెలుగుతున్నాయి. అడుగున నూనె చుక్కలు కారుతాయి నిజమే, కానీ దానికి ఆయన రాత్రిపూట ఒక రేకు పళ్ళెం పెడతారు, పొద్దున తుడుస్తారు. భార్య ఉన్నప్పుడు ఆ పళ్ళెం పని ఆవిడది. "ముసలిదానికి మూత్రం ఆగటంలేదు, ఏంచేస్తాం, మనకూ రేపు అంతేగా" అనేది. 'మనకూ' అన్నదిగానీ, ఆవిడకు అంత ముసలితనం రాకుండానే అయిపోయింది.

దెబ్బ బ్రేకు దగ్గర తగిలింది. ఒక ఉదయం బ్రేకు తొక్కితే పాదం కింద అది మెత్తగా, బురదలో దిగబడినట్టు కిందికి జారిపోయింది.

మేస్త్రి దాని కింద దూరి, బయటికొచ్చి, మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అతను మాస్టారికి మొదట్నుంచీ తెలిసిన మెకానిక్కు. మంచివాడే. చెప్పిన రోజుకు బండి ఇచ్చిన పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు.

"మాస్టర్ సిలిండరు మాస్టారూ. పెడల్ తొక్కితే నూనెను చక్రాలకు తోసేది ఇదే. ఒళ్ళు బ్రహ్మాండంగా ఉంది, లోపల గొట్టం అద్దంలా ఉంది చూడండి. రబ్బర్లే పోయాయి. రబ్బరు కిట్టు తెండి, పూటలో బిగించేస్తా."

"నీ పూటంటే ఎన్నాళ్ళు?"

"ఈసారి నిజం పూటే లెండి. దీన్ని శాంపిలుగా పట్టుకెళ్ళండి. ఇలాంటి బండికి శాంపిలు లేకుండా వెళ్తే కౌంటరు వాడు మన మొహమే చూడడు."

శాంపిలు సంగతి మాస్టారికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఆయన పాత సామాన్ల కొట్టుకు వెళ్ళింది అలాగే. అక్కడి ముసలి షావుకారు పాడైన భాగాన్ని అరచేతిలో తూచి, "ఉంచిపోండి, రేపు చూసి చెప్తా" అనేవాడు. దానికి దారంతో ఒక అట్టముక్క కట్టి 'బూడిద కారు మాస్టారు' అని రాసేవాడు. రసీదులూ సంతకాలూ ఉండేవి కావు. మర్నాడు వెళ్తే శాంపిలూ, దాని జోడూ పక్కపక్కన కూర్చుని ఉండేవి. ఇప్పుడు షావుకారు లేడు. ఆ కొట్టులో ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు.

అందుకని మాస్టారు షోరూముకు వెళ్ళారు. పెద్దమ్మాయిని తయారుచేసిన కంపెనీదే అది. చిన్నమ్మాయి కొత్త కారు కొన్నదీ అక్కడే.

అద్దాల తలుపు దానంతట అదే తెరుచుకుంది. లోపల చలి. నేల మీద మొహం కనబడుతోంది. ఎదురు గోడ నిండా ఒక పెద్ద బొమ్మ ఉంది. మాస్టారు ఆగిపోయారు. అది పెద్దమ్మాయే. అదే బూడిదరంగు, అవే గుండ్రటి దీపాలు. పక్కన ఎవరో నవ్వుతున్న జంట. కింద అడుగెత్తు అక్షరాలతో: 'మా నిన్నటి గర్వం'.

ఆ బొమ్మ కింద కూర్చున్న అమ్మాయి టోకెను ఇచ్చి, విడిభాగాల కౌంటరు వెనకవైపని చూపించింది.

కౌంటరులో ఉన్నావిడ నడివయసు మనిషి. చలికి స్వెట్టరు తొడుక్కుని, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకుంది. మాస్టారు సంచీలోంచి కాగితాల పొట్లం తీసి విప్పారు. ఆవిడ సిలిండరును చూసి, "అబ్బ, ఎంత బరువుందో! మా నాన్నకుండేది సార్ ఈ బండి" అంది. మాస్టారి ప్రాణం లేచొచ్చింది.

"చాసిస్ నంబరు చెప్పండి."

చెప్పారు. ఆవిడ కొట్టింది. కంప్యూటరు కుయ్యిమంది.

"గళ్ళు ఇంకా మిగిలాయి సార్. మీ నంబరు పొట్టిది. అన్నీ నిండకపోతే ఇది ఒప్పుకోదు."

"ముందు సున్నాలు పెట్టి చూడమ్మా."

పెట్టింది. మళ్ళీ కుయ్యిమంది. "అలాంటి బండి లేదంటోంది సార్."

మాస్టారు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. 'ఒక వస్తువు ఉన్నదని ఎలా తెలుసు?' అన్న ప్రశ్నతో ఎంతమంది పిల్లల్ని నిద్రపుచ్చారో లెక్కలేదు. ఆ ప్రశ్న ఇలా స్వెట్టరు తొడుక్కుని ఎదురొస్తుందనుకోలేదు.

"లేకపోవడమేంటమ్మా? ముందు గోడ మీద దాని బొమ్మే వేసుకున్నారుగా."

ఆవిడ నవ్వింది. "గోడ వేరే డిపార్టుమెంటు సార్." తర్వాత గొంతు తగ్గించింది. "గోడౌనులో ఓ మూల పాత సరుకు పడుంటుంది, ఎవరూ ముట్టుకోరు. అందులో కిట్టు ఉన్నా ఉండొచ్చు. కానీ ఏదో ఒక బండి పేరు ఎక్కించకపోతే వెతకమని కబురు పెట్టలేను. మీ ఇంట్లో మా కంపెనీ బండి ఇంకేదైనా ఉందా?"

ఉంది. మాస్టారు కూతురి ఫోను నంబరు చెప్పారు. ఒక్కసారిగా కంప్యూటరు మొహం వెలిగింది. కూతురి పేరు, కారు రంగు, కొన్న రోజు, ఇంకా మిగిలిన వారంటీ అన్నీ బారులు తీరాయి. ఎక్కణ్ణుంచో ఒక కుర్ర ఉద్యోగి కాఫీ కప్పు తెచ్చి, "మీరు మా కుటుంబ సభ్యులు సార్" అన్నాడు. పెద్దమ్మాయి తండ్రిగా దొరకని మర్యాద చిన్నమ్మాయి తండ్రిగా దొరికింది. మాస్టారు కాఫీ తాగారు. వేడిగా ఉంది. ఆ చలిలో అదే పదివేలు.

"మీ అమ్మాయి కారు పేరు మీదే ఎక్కించాను సార్. శాంపిలు ఉంచి వెళ్ళండి. రేపు రండి, దొరికితే మీ అదృష్టం" అంది కౌంటరావిడ.

ఉంచి వెళ్ళడమా అని మాస్టారు అనుమానపడలేదు. పైగా ఆ మాట వినగానే ముసలి షావుకారు కళ్ళముందు మెదిలాడు. జేబులో అట్టముక్క కోసం వెతికి, బస్సు టికెట్టు వెనకాల 'బూడిద కారు మాస్టారు' అని రాసి, సిలిండరు మీద పెట్టి వచ్చారు.

సాయంత్రం కూతురు ఫోను చూసుకుంటూ హాల్లోకి వచ్చింది. "ఇదేంటి నాన్నా? 'మీ కారు బ్రేకు భాగం మార్పిడి నమోదైంది' అని మెసేజీ వచ్చింది. నా కారుకు ఏమైంది?"

"నీ కారుకేం కాలేదే. అది మీ అక్క పని. కంప్యూటరు దాన్ని ఒప్పుకోకపోతే నీ పేరు చెప్పాను."

"ఓహో. అక్కకు చెప్పులు కావాలంటే చెల్లి కాలు కొలత ఇచ్చావన్నమాట" అని ఆమె నవ్వి వెళ్ళిపోయింది. మాస్టారూ నవ్వారు.

మర్నాడు షోరూముకు వెళ్ళేసరికి కౌంటరావిడ ఆయన్ని దూరంనుంచే చూసి లేచి నిలబడింది. నవ్వలేదు. ముందు ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి కౌంటరు మీద పెట్టింది. పాత పెట్టె, అంచులు పసుపెక్కాయి. లోపల మైనపు కాగితంలో రబ్బరు కిట్టు, పైన చల్లిన పౌడరు కూడా చెదరకుండా, నిన్న చేసినట్టు ఉంది.

"దొరికింది సార్. ఒక్కటే ఉంది."

"అమ్మా, నీ కడుపు చల్లగుండ..."

"సార్, ఒక్క నిమిషం." ఆవిడ స్వెట్టరు చేతుల్ని వేళ్ళ మీదికి లాక్కుంది. కౌంటరు కింద నుంచి సిలిండరు తీసింది.

దానికి అడ్డంగా, ఇటునుంచి అటు వెలుతురు కనబడేలా, పెద్ద బెజ్జం పొడిచి ఉంది. పక్కన రంపంతో కోసిన గాటు. లోహం కోసినచోట కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. బస్సు టికెట్టు నూనె జిడ్డుకు ఇంకా దానికే అతుక్కుని ఉంది.

మాస్టారికి వెంటనే అర్థంకాలేదు. "ఇది... ఎవరిది?"

"మీదే సార్. వారంటీలో ఉన్న బండి పేరు మీద పాత భాగం లోపలికొస్తే, మార్చి తీసేసిందని లెక్క. అలాంటివి ఆ సాయంత్రమే వర్క్‌షాపులో బెజ్జం పొడిచి పారేస్తారు. మళ్ళీ ఎవరూ వాడకుండా. నాకు ఆ రూలు తెలుసు సార్. కిట్టు వెతికే హడావుడిలో తట్టలేదు. మీ అమ్మాయి కారు మీద ఎక్కించింది నేనే. నా చేత్తోనే చేశాను."

మేనేజరు వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, మొహాన జాలి. "పాత భాగాలు అలాగే బయటికి పోతే తుడిచి, రంగేసి, కొత్తవని అమ్ముతారు సార్. ఎవరి ప్రాణాలకో ముప్పు. అందుకే ఆ పాలసీ."

అది మంచి రూలే. అదే మాస్టారిని ఎక్కువ కాల్చింది. తిడదామంటే దుర్మార్గుడు ఒక్కడైనా ఎదురుగా ఉండాలిగా.

"మీకు జరిగిన అసౌకర్యానికి మీ అమ్మాయి కారు ఉచితంగా కడిగి, పాలిష్ చేసిస్తాం. ఇంట్లో పాత కారేమైనా ఉంటే ఎక్స్ఛేంజిలో కూడా..."

"పాత కారు ఉందని మీ కంప్యూటరు ఒప్పుకోవడం లేదుగా నాయనా" అన్నారు మాస్టారు.

మేనేజరు నవ్వాలో వద్దో తెలియక కార్డు సర్దుకున్నాడు. కౌంటరావిడ కిట్టునూ బెజ్జం పడ్డ సిలిండరునూ శుభ్రమైన కాగితంలో విడివిడిగా చుట్టి, సంచీలో పెట్టి, బస్టాపుదాకా వచ్చి బస్సు ఎక్కించింది. వెనక్కి చూస్తే ఇంకా ఎండలో నిలబడే ఉంది.

మేస్త్రి బెజ్జంలోంచి ఆకాశం చూశాడు.

"వెల్డింగు పెడితే?"

"వేడికి లోపలి గొట్టం వంకరపోతుంది మాస్టారూ. రబ్బరు పట్టదు."

"ఇంకో బండిది తగిలిస్తే?"

"బిగించే చోటు వేరు, పెడల్ వాటం వేరు. ఇంకేదైనా అయితే ఏదో ఒకటి అతికించేవాణ్ణి. బ్రేకుతో ఆటలాడను." సిలిండరును బల్ల మీద నెమ్మదిగా, దెబ్బ తగలకుండా పెట్టాడు. ఇక తగలడానికేముంది! "నాడా దొరికింది, గుర్రం చచ్చింది. పళ్ళ డాక్టరుగారి దగ్గర ఒకటి ఎక్కువుండాలే. అడగండి. ఇస్తాడనను. పీకడం తప్ప ఇవ్వడం తెలియని చెయ్యి అది."

ఊళ్ళో పాత కార్లవాళ్ళు ఆదివారం పొద్దున్నే మూసి ఉన్న బజారు ముందు బండ్లు నిలిపి చేరతారు. ఒకరి బానెట్టు ఇంకొకరు ఎత్తి, పైకి మెచ్చుకుని లోపల కుళ్ళుకుంటారు. పెద్దమ్మాయి జాతి బండి అక్కడ ఇంకొక్కటే ఉంది. అది పళ్ళ డాక్టరుది. మాస్టారు ఆ ఆదివారం మొదటిసారి కాలినడకన వెళ్ళారు.

డాక్టరు అంతా విన్నాడు. బెజ్జం మాట దగ్గర నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. "దారుణం మాస్టారూ. పుచ్చు పన్ను బదులు మంచి పన్ను పీకినట్టు."

"మీ అటక మీద సిలిండరు ఒకటి ఉందటగా."

"ఉంది, రబ్బర్లు లేని ఖాళీ ఒళ్ళు." డాక్టరు అటూ ఇటూ చూశాడు. "మీ దగ్గర కిట్టు ఉందటగా."

డాక్టరు బండి రబ్బర్లూ పోయాయి. అతనూ అదే తనిఖీకి వెళ్ళాలి. ఇద్దరి దగ్గరా ఉన్నవి ఒకచోట చేరిస్తే ఒక బండి నడుస్తుంది. ఒక్కటే.

"మీరు పెద్దవారు. ఆలోచించండి" అన్నాడు డాక్టరు.

"మీ దగ్గర ఇంకా రెండు కార్లున్నాయి డాక్టరూ. నాకు ఇదొక్కటే. మా ఆవిడ..." మాస్టారు ఆపేశారు. చచ్చిపోయిన భార్యను బేరంలో పెడుతున్నట్టు తోచింది.

"నాకూ తెలుసండీ. అక్కయ్యగారు మా ఆవిడకు మీ కార్లోనే డ్రైవింగు నేర్పారు. కానీ సెంటిమెంటు వేరు, బండి వేరు." డాక్టరు తన బండి అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు.

మాస్టారు ఇంటికొచ్చి కిట్టును బీరువాలో పెట్టారు. డాక్టరు ఫోను చేస్తాడేమోనని ఎదురుచూశారు. డాక్టరూ అదే పని చేస్తున్నాడని ఆయనకు తెలుసు. రోజులు పోయాయి. కొన్నిసార్లు పెట్టె తెరిచి రబ్బరును వేలితో నొక్కి చూసేవారు. పొట్లం విప్పిన రబ్బరు గాలికి పెళుసెక్కుతుంది. అలా ఎండబెట్టి ఎవరికీ కాకుండా చెయ్యాలని ఒక పాడుబుద్ధి ఆయనకూ పుట్టింది. దాన్ని ఒక రాత్రంతా పక్కన పడుకోబెట్టుకున్నారు కూడా.

తనిఖీ ముందురోజు మధ్యాహ్నం ఆయనే డాక్టరింటికి వెళ్ళి పెట్టె ఇచ్చేశారు.

డాక్టరు రెండు చేతులతో అందుకున్నాడు. "మీ రుణం ఉంచుకోను మాస్టారూ. పెద్దమ్మాయిని స్క్రాపుకు పంపకండి. నేను తీసుకుంటాను. ఒక్క బోల్టు వృథా కానివ్వను."

ఒక్క బోల్టు వృథా కానివ్వకపోవడమంటే ఏమిటో మాస్టారికి తెలుసు. తలూపారు.

దాన్ని తీసుకుపోవడానికి క్రేను బండి వచ్చిన రోజు అల్లుడు గేటు తెరిచి పట్టుకున్నాడు. కూతురు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దమ్మాయి ముందు చక్రాలు పైకి లేచాయి. అప్పుడు కూతురు, "ఆగండాగండి" అని మెట్లు దిగింది. ఎడంవైపు తలుపు దగ్గరికి వెళ్ళి, ఒక అరచెయ్యి అద్దానికి ఆనించి పైకి నెడుతూ, ఇంకో చేత్తో హ్యాండిలు తిప్పింది. ఆ అద్దం అలా తప్ప ఎక్కదు. ఆ కిటుకు తెలిసింది ఇంట్లో తనొక్కరికే అనుకున్నారు మాస్టారు.

"అద్దం దించి పంపితే లోపల వాన పడుతుంది" అంది కూతురు, ఎవర్నీ చూడకుండా. అరచేతి గుర్తు అద్దం మీద ఉండిపోయింది. క్రేను మలుపు తిరిగేదాకా కనబడింది.

సాయంత్రం ఇంటి ఫోను మోగితే మాస్టారు తీశారు. చిలకపలుకుల గొంతు. కూతురి నంబరు పలక్కపోతే ఇంటి నంబరుకు చేశారట. "ఇటీవల మీ కారు బ్రేకు భాగం మార్పిడిలో మా సేవలు ఎలా ఉన్నాయి? ఐదుకు ఎన్ని మార్కులిస్తారు సార్?"

మాస్టారు ఎన్నో పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. ఎవరికీ ఊరికే మార్కులు వెయ్యలేదు. వెయ్యకపోతే ఆ కోత ఎవరి మీద పడుతుందో ఆలోచించారు. మేనేజరు మీద పడదు. గోడ మీద బొమ్మకు అసలే పడదు.

"ఐదు" అన్నారు.

"ధన్యవాదాలు సార్. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"కౌంటరులో చలి ఎక్కువగా ఉంది. ఆవిడ కూర్చునే చోటైనా కాస్త తగ్గించండి."

కూతురు వంటింట్లోంచి వింది. "నీ పెద్ద కూతుర్ని చంపినవాళ్ళకు నూటికి నూరా నాన్నా?"

"చంపింది వాళ్ళు కాదే" అన్నారు మాస్టారు. మరెవరని ఆమె అడగలేదు.

ఆ రాత్రి కొత్త కారు మొదటిసారి షెడ్డులోకి వచ్చింది. గోడ దగ్గరికి రాగానే అది కీచుకీచుమని అరిచింది. అల్లుడు దిగి, తాళం వేసి, "ఇక పిల్లుల బాధ లేదు మావయ్యా" అని లోపలికెళ్ళాడు.

మాస్టారు పడుకోబోతూ అలవాటు కొద్దీ షెడ్డుకు వెళ్ళి, మూలనున్న రేకు పళ్ళెం తీసి, వంగి, కారు కిందికి తోశారు. తోశాక గుర్తొచ్చింది. తీద్దామంటే మళ్ళీ వంగాలి. నడుము ఒప్పుకోలేదు. వదిలేశారు.

పొద్దున వెళ్ళి చూస్తే పళ్ళెం ఎండి ఉంది. ఆయన మసిగుడ్డ తెచ్చి దాన్ని తుడిచారు.